మూడో అంతస్తులో కొండగాలి

మందులషాపు తెరిచేదీ మందులావిడే, మూసేదీ మందులావిడే. మధ్యలో కౌంటరు దగ్గరికి వచ్చేవాళ్ళని ఆవిడ పెద్దగా మనుషుల్లో జమకట్టేది కాదు. దగ్గుకి మందు కావాలంటే, "ఏ దగ్గు? పొడి దగ్గా, కఫమా? అదైనా తెలుసుకోకుండా ఎలా దగ్గుతున్నావయ్యా?" అనేది. నిద్ర పట్టడం లేదన్నవాణ్ణి ఎగాదిగా చూసి, పగలు ఏం చేస్తుంటావని అడిగి, వాడు చెప్పిందంతా విని, "అందుకే" అని పంపించేసేది. అయినా ఆ వీధివాళ్ళు ఇంకో షాపు గడప తొక్కేవాళ్ళు కారు. ఆవిడ ఇచ్చిన మందు పనిచేసేది. అన్ని చీవాట్లు విన్నాక రోగానికి కూడా ఒంట్లో ఉండబుద్ధి కాదని జనం నవ్వుకునేవాళ్ళు.

యాభై దాటిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళతో, "రోజూ కౌంటరు అవతల నిలబడే మొగుళ్ళని చూస్తూనే ఉన్నాగా" అనేది. షాపు ఉన్న భవనంలోనే, మూడో అంతస్తులో, అమ్మతో కలిసి ఉండేది. మధ్యాహ్నం భోజనానికి పైకి వెళ్తూ ప్రతి అంతస్తులోనూ ఒకసారి ఆగేది. మొదటి అంతస్తులో చెప్పులు దారికి అడ్డంగా వదిలారని కేకలేసేది. రెండో అంతస్తులో కొత్తగా వేసిన గోడ రంగు చూసి, "ఎవరికో కడుపులో తిప్పినట్టుంది" అనేది. ఆవిడ నడకలో ఒక నిదానం ఉండేది. చూసేవాళ్ళు దాన్ని దర్జా అనుకునేవాళ్ళు.

అమ్మకి చూపు పోతోంది. పక్కల నుంచి చీకటి మూసుకొస్తోందనీ, మధ్యలో మిగిలిన కాస్త చూపూ ఎంతో కాలం ఉండదనీ కళ్ళ డాక్టరు దాచకుండా చెప్పేశాడు. అమ్మ తల ఊపి విన్నది, ఇంటికొచ్చింది, చెప్పులు విప్పుతూ ఒకే మాట అంది.

"మంచుకొండ చూడాలి నాకు. ఫోటోలో కాదు."

ఆ మాట అక్కడితో ఆగినా బాగుండేది. ఆదివారం చెల్లెలూ వాళ్ళాయనా వచ్చినప్పుడు వాళ్ళ ముందర మళ్ళీ అంది. దాంతో గాలిపటం చెవిన పడింది.

గాలిపటం అంటే చెల్లెలి మొగుడు. ఆ పేరు మందులావిడ పెట్టిందే. గొడుగులు బాగుచేశాడు, రంగు చేపలు అమ్మాడు, కొన్నాళ్ళు పెళ్ళి వీడియోలు తీసేవాళ్ళకి లైటు పట్టుకున్నాడు. ఇప్పుడు లాండ్రీ వ్యానులో హోటళ్ళ దుప్పట్లు తిప్పుతున్నాడు. ఏ పనిలో ఉన్నా ఒకటే నవ్వు. తలుపు తీయకముందే మెట్ల మీద వినిపించే నవ్వు. చెల్లెలు కర్టెన్లు కుట్టే షాపులో పని చేసి ఇల్లు నెట్టుకొచ్చేది. "మిషను నువ్వు తొక్కుతున్నావు, వాడు ఊరంతా ఎగురుతున్నాడు" అని మందులావిడ అంటే, చెల్లెలు కోపం తెచ్చుకునేది కాదు. "ఎగరనీ అక్కా, నాకు అదే ఇష్టం" అనేది. అక్క పెదవి విరిచేది.

కొండ మాట విన్న వారానికల్లా గాలిపటం భుజం మీద ఒక పెద్ద మూటతో వచ్చాడు. కొండల మీదికి జనాన్ని తీసుకెళ్ళే కంపెనీ ఒకటి తన టెంట్లన్నీ లాండ్రీకి వేసి, మూతపడిపోయి, తీసుకోవడానికి మళ్ళీ రాలేదట. అందులో ఒకటి అడిగి తెచ్చుకున్నాడు. చెట్లు కూడా పెరగని ఎత్తులో, మంచు కరిగి నిలిచిన చెరువు పక్కన ఒక క్యాంపుగ్రౌండు ఉంది. ఈ టెంటుని ఏటా అక్కడే వేసేవాళ్ళు. అన్నేళ్ళు ఒకే చోట ఉండేసరికి దాని లోపల ఆ ఎత్తు అలాగే ఉండిపోయింది. ఎక్కడ వేసినా సరే, జిప్పు తీసి లోపలికి దూరితే కొండ మీది చలే, కొండ మీది పలచటి గాలే. రెండుసార్లు ఉతికినా ఎత్తు వదల్లేదు.

"కాస్త వాసన కూడా ఉంది వదినా" అన్నాడు గాలిపటం, హాల్లో దాన్ని నిలబెడుతూ.

"టెంటుదేనా?" అంది మందులావిడ.

సోఫా గోడకి జరిపారు. ఇంట్లో మరి ఖాళీ లేదు కాబట్టి టెంటు హాల్లోనే ఉండిపోయింది. ఎదురు వాటా ఆవిడ ఫ్రిజ్ చెడిపోతే పాలగిన్నె తెచ్చి అందులో పెట్టుకుంది. కింది వాటా ఆయన వచ్చి, తన సీలింగు ఫ్యాను చుట్టూ చెమ్మ దిగుతోందనీ, కింద ఒక చాప పరవమనీ అడిగి వెళ్ళాడు. చాప పరిచారు.

ఇక ఆదివారం ఆదివారం ప్రయాణం గురించి మాట్లాడుకోవడమే పని. మాట్లాడుకోవడం అంటే, మిగతా ముగ్గురూ మాట్లాడటం, మందులావిడ కొట్టిపారేయడం. గాలిపటం కాగితం మీద దారి గీసుకొచ్చాడు.

"ఇదేమిటి, పేగా?"

"ఘాట్ రోడ్డు వదినా. ఇక్కడిదాకా వ్యాను వెళ్తుంది. ఇక్కణ్ణించి కాస్త నడక."

"కాస్త అంటే? నీ కాస్తా, మనుషుల కాస్తా?"

"అత్తయ్యగారి కాస్తే. మెల్లిగా వెళ్దాం. అవసరమైతే నేను ఎత్తుకుంటాను."

"ఎత్తుకుంటాడట! రంగు చేపల్నే చేతుల్లో చంపుకున్నవాడివి."

గాలిపటం పకపకా నవ్వాడు. అమ్మ కూడా నవ్వింది. తిట్టినప్పుడల్లా నవ్వేవాణ్ణి ఇంకేం తిట్టాలో తోచక మందులావిడ బ్యాగులో ఏమేం సర్దాలో చెప్పడం మొదలుపెట్టేది. నిజానికి ప్రయాణం మొత్తం ఆవిడే తన చేతుల్లోకి తీసుకుంది. ఎత్తుకి అలవాటు పడటానికి దారిలో ఎక్కడ ఆగాలి, అమ్మ కళ్ళ చుక్కలు గడ్డకట్టకుండా ఎలా దాచాలి, తలనొప్పి వస్తే ఏం చేయాలి, ఎప్పుడు వెనక్కి తిరగాలి, అన్నీ ఆవిడే తేల్చింది. వీళ్ళకి వదిలేస్తే స్వెటర్లు మర్చిపోయి పేకముక్కలు పట్టుకెళ్తారని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకంలో తప్పేమీ లేదు. గాలిపటం బ్యాగు విప్పితే ముందు బయటపడ్డవి పేకముక్కలే.

టెంటు వాళ్ళకి చాలా నేర్పింది. చిప్సు పొట్లం లోపల పెట్టగానే ఊదిన బూరలా ఉబ్బింది. చెల్లెలి షాంపూ సీసా మూత ఎగిరి దుప్పటంతా నురగ అయింది. కరెంటు కెటిల్ పెడితే నీళ్ళు ఇట్టే మరిగిపోయేవి గానీ, అందులో వేసిన బంగాళదుంప ఎంతసేపటికీ రాయిలాగే ఉండేది. "ఇంట్లో మటుకు నువ్వు ఉడికించేది ఇంతకంటే మెత్తగా ఉంటుందా?" అని మందులావిడ చెల్లెల్ని అడిగింది. మొదట్లో చెల్లెలికి లోపల తల దిమ్ముగా ఉండేది. పోనుపోను అలవాటైంది. గాలిపటం నవ్వు మాత్రం లోపలికి వెళ్తే సగానికి తెగిపోయేది. నవ్వి, ఆగి, గాలి పీల్చుకుని మిగతా సగం నవ్వేవాడు.

అందరికంటే బాగున్నది అమ్మ. చిన్న శరీరం, శాలువా చుట్టుకుని గంటలు గంటలు లోపల కూర్చునేది. బఠానీలు వొలిచేది. "ఇందులో నాకు ఊపిరి హాయిగా ఆడుతోందే" అనేది.

మందులావిడ లోపలికి వెళ్ళేది కాదు. కుర్చీ టెంటు గుమ్మం ముందు వేసుకుని, బయటి నుంచే అధికారం చేసేది. "నేను వచ్చి కూర్చుంటే ఇక మీకు చోటెక్కడ? అసలే అది అగ్గిపెట్టె."

నిజానికి ఆవిడ ఒకసారి వెళ్ళింది. పనిరోజు మధ్యాహ్నం, అమ్మ పక్కగదిలో నిద్రపోతున్నప్పుడు. జిప్పు తీసి, వంగి లోపలికి దూరి, కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. ఈ మాత్రం దానికి అంత హడావుడా అనుకుంది. అంతలోనే ఛాతీ మీద ఎవరో బస్తా దింపినట్టయింది. గుండె చెవుల్లోకి వచ్చి కొట్టుకుంది. కెటిల్ మెరుపులో తన మొహం కనబడింది. పెదవులు సిరా పూసినట్టు నీలంగా ఉన్నాయి. చేతుల మీద పాకుతూ బయటికొచ్చి, సోఫాకి ఆనుకుని నేల మీద చాలాసేపు కూర్చుంది.

అలాంటి పెదవులతో కౌంటరు దగ్గరికి ఎవరైనా వస్తే ఏమనేదో ఆవిడకి తెలుసు. "ఇక్కడేం చేస్తున్నావు? పో, ముందు డాక్టరు దగ్గరికి పో." ఆ మాట తనకి తను చెప్పుకోలేదు. డాక్టరు వద్దంటాడు. తను రాదని తెలిస్తే అమ్మ కదలదు. ఇంకొన్నాళ్ళలో పైన దారి మంచుతో మూసేస్తారు. వచ్చే ఏటికి దారి తెరుచుకుంటుంది గానీ అమ్మ కళ్ళు తెరిచి ఉంటాయో లేదో. కొండ మీద ఒకటి రెండు రోజులు పళ్ళు బిగించుకుంటే అయిపోతుందనుకుంది. ఒళ్ళు మాట వినకపోవడం అనేది మిగతావాళ్ళకి ఉండే రోగం అని ఆవిడ లెక్క.

మర్నాటి నుంచి పెదవులకి ముదురు ఎరుపు రంగు వేసుకోవడం మొదలుపెట్టింది. జన్మలో వేసుకోని మనిషి. కౌంటరు అవతల ఒకాయన కళ్ళు పెద్దవి చేసి చూస్తే, "మందు కావాలా, సినిమా కావాలా?" అని చీటీ లాక్కుంది. చెల్లెలు మాత్రం ఊరుకోలేదు.

"ఎవరక్కా అతను?"

"ఎవరు?"

"ఈ రంగు ఎవరికోసమో అతను."

"నీకు దొరికినవాడిలాంటివాడు నాకూ దొరుకుతాడని భయపడుతున్నావా? భయం లేదు, దేశంలో వాడొక్కడే ఉన్నాడు."

బయల్దేరే ముందు చివరి ఆదివారం అమ్మ పట్టుబట్టింది. నలుగురం కలిసి టెంట్లో కూర్చుని టీ తాగాలంది. అక్కడికి వెళ్ళాక ఎలాగూ ఒకే చోట పడుకోవాలి కదా, చోటు చాలుతుందో లేదో ఇప్పుడే చూసుకోవాలంది.

"చాలదు. నేను చెప్తున్నాగా" అంది మందులావిడ.

"నువ్వు ఒక్కరోజైనా లోపలికి వచ్చావటే?" అంది అమ్మ. "అన్నీ బయటి నుంచే చెప్తావు. నీకు ఇష్టం లేకపోతే చెప్పు, మానేద్దాం. నాకేం పట్టుదల లేదు."

మానేద్దాం అన్న మాట అమ్మ ఎంత తేలిగ్గా అందో, గొంతు అంత తేలిగ్గా లేదు. మందులావిడ కుర్చీలోంచి లేచింది. "జరగండి. ఆ గాలిపటాన్ని ఒక మూల మడత పెట్టండి" అంటూ వంగి లోపలికి వెళ్ళింది. చెల్లెలు జిప్పు లాగింది.

టీ గ్లాసు చేతికిచ్చారు. ఎదురుగా అమ్మ మొహం వెలిగిపోతోంది. గాలిపటం ఏదో జోకు మొదలుపెట్టాడు. అందులో లాండ్రీ ఉంది, ఒక హోటలు మేనేజరు ఉన్నాడు, మేనేజరు ప్యాంటు ఉంది. ఆ ప్యాంటు ఏమైందో మందులావిడకి ఎప్పటికీ తెలియలేదు. గ్లాసు జారి దుప్పటి మీద పడింది. వెనకనే ఆవిడా పడింది.

చెల్లెలు కెవ్వున అరిచింది. గాలిపటం అరవలేదు. జిప్పు మొరాయిస్తే గుడ్డ చింపేశాడు. వదిన కాళ్ళు రెండూ పట్టుకుని, బస్తాని లాగినట్టు, హాలు మధ్యలోకి లాగాడు. టెంటు గుమ్మం దాటగానే కొండ దిగినట్టే. ఫ్యాను కింద ఆవిడ ఛాతీ ఒకసారి ఎగిసిపడింది. కళ్ళు తెరిచి, తన మొహం మీదికి వంగిన మొహాన్ని చూసింది.

"కాళ్ళు వదులు" అంది.

మెట్ల మీంచి మోసుకుని దించాడు. వ్యానులో హోటలు దుప్పట్ల మూటల మీద పడుకోబెట్టాడు. దారి పొడుగునా ఆవిడ మాట్లాడకపోతే చెల్లెలు ఏడుపు మొదలుపెట్టింది. ఆసుపత్రి గేటు దగ్గర మాత్రం మెల్లిగా ఒక మాట అంది. "ఈ దుప్పట్లు... సరిగా ఆరలేదు." అది విని చెల్లెలి ఏడుపు ఇంకా ఎక్కువైంది.

గుండె డాక్టరు నడివయసు మనిషి, తొందర లేనివాడు.

"ఎక్కడ పడిపోయారు?"

"టెంట్లో" అన్నాడు గాలిపటం.

"ఎంత ఎత్తుది?"

గాలిపటం చెప్పాడు. డాక్టరు తల ఎత్తకుండా రాసుకున్నాడు. పరీక్షలన్నీ అయ్యాక మంచం పక్కన కూర్చున్నాడు. పుట్టినప్పటి నుంచీ గుండె గదుల మధ్య గోడకి రంధ్రం ఉందన్నాడు. ఇన్నేళ్ళూ గుండె ఎలాగో నెట్టుకొచ్చింది గానీ, ఊపిరితిత్తుల మీద ఒత్తిడి బాగా పెరిగిపోయిందన్నాడు.

"మెట్లు ఎక్కుతుంటే ఆయాసం వచ్చేది కాదూ?"

"లేదు. మధ్యలో ఆగేదాన్ని."

"ఎందుకు ఆగేవారు?"

"తిట్టడానికి."

"ఎవరిని?"

"ఎవరో ఒకరు ఉంటారుగా."

డాక్టరు పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "తిట్టేంతసేపు ఊపిరి తీసుకునేవారన్నమాట" అన్నాడు. "నిజంగా కొండ మీద అయ్యుంటే కిందికి దించేలోపు మీరు ఉండేవారు కారు. ఇక్కడ దిగడానికి ఒక గుమ్మమే కాబట్టి సరిపోయింది."

మందులావిడ గోడ వైపు తిరిగి పడుకుంది. ఏ మెట్టు మీద ఎవరిని ఏమందో ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. చెప్పులవాళ్ళు, రంగువాళ్ళు. జాలిపడదామని చూసింది గానీ కుదరలేదు. ఆ రంగు నిజంగానే దరిద్రంగా ఉంది.

కాలి దగ్గర రక్తనాళం గుండా సన్నటి గొట్టం పంపి గుండెలో రంధ్రం మూసేశారు. బాగా జరిగింది. కొన్నాళ్ళు వార్డులో ఉండాలన్నారు, ఎత్తులకి మాత్రం ఇప్పట్లో వెళ్ళకూడదన్నారు. అప్పటికి పైన దారి మూసే రోజులు దగ్గరపడ్డాయి. అమ్మ వచ్చి మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది, కదలనంది.

"నా మొహం చూస్తూ కూర్చుంటే ఏం వస్తుందమ్మా? యాభై ఏళ్ళుగా చూస్తున్నావు, ఇందులో కొత్తేముంది? పో, కొండ చూడు."

"నువ్వు లేకుండానా?"

"నేనుంటే మటుకు నిన్ను చూడనిస్తానా? పక్కన నిలబడి ఆ కొండకి వంకలు పెడుతూ ఉంటాను. ఇక్కడ నర్సులు ఉన్నారు. పాపం, వాళ్ళకీ కాస్త తిట్లు పడాలి."

అమ్మ వినలేదు. అప్పుడు మందులావిడ గాలిపటాన్ని పిలిచింది. వాడు వచ్చి మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డాడు, చేతులు కట్టుకుని. ఆవిడ వాణ్ణి పైనుంచి కిందిదాకా చూసింది. మాసిన చొక్కా, చింపిరి జుట్టు, కాళ్ళకి రెండు రకాల సాక్సు. ఇంతకంటే మంచివాణ్ణి వెతకడానికి టైము లేదు.

"పొద్దున ఒక చుక్క, రాత్రి ఒక చుక్క. సీసా నీ చొక్కా లోపలి జేబులో పెట్టుకో, బ్యాగులో వేశావంటే గడ్డకడుతుంది. ఎండలో మొహానికి మందు రాయి. తలనొప్పి అందంటే జోకులు చెప్పకు, వెంటనే దించు. నాకు ఫోను చేసి అడగకు, అక్కడ ఫోను పనిచేయదు. పనిచేసినా నీ మాట నాకు అర్థం కాదు."

"సరే వదినా."

"అమ్మకి ఏమైనా అయ్యిందో..."

గాలిపటం నవ్వలేదు. "తీసుకొస్తాను" అన్నాడు.

చింపిన గుడ్డని చెల్లెలు కర్టెన్ల మిషను మీద కుట్టింది. వాళ్ళు వెళ్ళారు.

మందులావిడ వార్డులో పడుకుని నర్సులకి సూదులు ఎలా పట్టుకోవాలో చెప్తూ రోజులు గడిపింది. పక్క మంచం ఆవిడ మూలుగుతుంటే, "రాగం తప్పుతోంది" అంది. మధ్యాహ్నాలు మాత్రం కిటికీ వైపు చూసేది. కిటికీలోంచి ఆసుపత్రి నీళ్ళ ట్యాంకూ, దాని మీద పావురాలూ తప్ప ఏమీ కనిపించేవి కావు.

తిరిగొచ్చిన రోజు వాళ్ళు ఇంటికి వెళ్ళకుండా నేరుగా ఆసుపత్రికే వచ్చారు. అమ్మ చెల్లెలి చెయ్యి పట్టుకుని కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళింది. గాలిపటం మంచం దగ్గరికొచ్చి, కళ్ళ చుక్కల సీసా చొక్కా లోపలి జేబులోంచి తీసి, మొహానికి రాసే మందు ట్యూబుతో పాటు బల్ల మీద పెట్టాడు.

"ఎలా ఉంది మనిషి?" అంది మందులావిడ.

"తెల్లవారగానే స్టూలు వేయమన్నారు వదినా, చెరువు ఒడ్డున. ఇక లేవలేదు. తిండికి కూడా రాలేదు. టీ నేనే నోటి దగ్గర పట్టుకున్నాను. పక్కలు కనబడవు కదా ఆవిడకి, 'నా తల పట్టుకుని తిప్పు బాబూ' అన్నారు. ఈ చివర నుంచి ఆ చివరిదాకా మెల్లిగా తిప్పాను. మళ్ళీ మొదటి నుంచి తిప్పమన్నారు. అలా రోజంతా." వాడు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ప్యాంటుకి తుడుచుకున్నాడు. "ఏడుస్తున్నారేమో అని భయపడ్డాను. కాదు. ఊరికే చూస్తున్నారు."

మందులావిడ దుప్పటి అంచు సరిచేసుకుంది. ఒకసారి కాదు, చాలాసార్లు.

అమ్మ తడుముకుంటూ వచ్చి కుర్చీలో కూర్చుంది. బుగ్గలు మంచు మీది ఎండకి కమిలి, పొరలు పొరలుగా లేస్తున్నాయి. ముక్కు ఎర్రగా ఉంది. కూతురి చేతి కోసం వెతికి, దొరకగానే పట్టుకుంది.

"చూశావా?" అంది మందులావిడ.

"ఆ, చూశాను" అంది అమ్మ. జన్మలో ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి, మూతి ఒక పక్కకి తిప్పింది. "ఏముందే అక్కడ? రాళ్ళు, మంచు. దానికి పెద్ద పేరొకటి. తెల్లగా ఉంటుందన్నారు, మన వంటింటి గోడే నయం. చలి ఒకటి దండగ. నువ్వు రాకపోవడమే మంచిదైంది, అంత దూరం వచ్చి విసుక్కునేదానివి."

గాలిపటం ఏదో అనబోయాడు. చెల్లెలు వాడి కాలు తొక్కింది.

"నేను ముందే అనుకున్నాను" అంది మందులావిడ. "అంత హడావుడి చేస్తున్నారంటే అక్కడేమీ ఉండదని."

"ఏమీ లేదు."

"మొహానికి మందు రాయలేదా ఈ గాలిపటం?"

"రాస్తానన్నాడు. నేనే కదలకుండా కూర్చోలేదు" అంది అమ్మ, ఇంకో అబద్ధం ఆడుతూ.

మందులావిడ బల్ల మీది ట్యూబు తీసి, వేలి మీద కాస్త పిండుకుంది. అమ్మ తలని రెండు చేతుల్తో పట్టుకుని, మిగిలిన ఆ కాస్త చూపు సరిగ్గా తన మొహం మీద పడేలా, మెల్లిగా తనవైపు తిప్పుకుంది.